అందరికీ తెలుసు… ఎక్కడా రాసి లేదు

పసుపు క్వింటాలు ఎంత పలికిందో పొద్దుగూకేలోపు ఆర్మూర్ అంతటా తెలుస్తుంది. ఆ పసుపును ఏరి, విరిచి, ఎండబెట్టిన ఆడవాళ్ళ కూలి మాత్రం ఏ కాగితం మీదా కనిపించదు. మగవాళ్ళకు ఎంత, ఆడవాళ్ళకు ఎంత అన్నది యజమానులు రాసి చూపించాలన్న నియమం మన పసుపు ఊళ్ళకు ఎందుకు కావాలి?

నిజామాబాద్ మార్కెట్ యార్డు శ్రద్ధానంద్ గంజ్‌లో జనవరి మొదలుకొని మే దాకా ఎటు చూసినా పసుపే. ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి వైపు నుంచి బస్తాలు దిగుతూనే ఉంటాయి. వేళ్ళలా ఉండే కాడి ఒక పక్క, దుంప నడిమి గోళ ఒక పక్క. వ్యాపారులు ఈ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్‌లో ధర వేస్తారు. కాడి గరిష్ఠంగా ఎంత పోయింది, గోళ ఎంత పోయింది అన్న కబురు పెర్కిట్ చౌరస్తాలోని టీ కొట్ల దాకా చేరిపోతుంది. మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. రైతు చేతికొచ్చే తక్‌పట్టీలో బస్తాలు, తూకం, ధర, కోతలు వరుసగా రాసి ఉంటాయి. హమాలీకి బస్తాకింత, తూకం వేసే దడువాయికింత అని ముందే ఒప్పందమై ఉంటుంది. ఆ రేటు పెరగాలంటే హమాలీ సంఘం అడుగుతుంది, అవసరమైతే పని ఆపుతుంది. అందరినీ పిలిచి కూర్చోబెడతారు. కొత్త రేటు కాగితం ఎక్కుతుంది.

ఇన్ని లెక్కల మధ్య ఒక లెక్క లేదు. ఆ పసుపును చేలో ఏరి, మట్టి దులిపి, విరిచి, వేరుచేసి, ఎండబెట్టిన ఆడవాళ్ళకు రోజుకు ఎంత ఇచ్చారన్నది ఎక్కడా రాసి ఉండదు.

అదేమీ దాచిపెట్టిన విషయం కాదు. ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా పదేళ్ళ పిల్లలు కూడా చెప్పేస్తారు, ఈ ఏడు ఆడకూలి ఎంత నడుస్తోంది, మగకూలి ఎంత నడుస్తోంది అని. రెండూ వేరు. ఎందుకు వేరని అడిగితే ‘ఎప్పటి సంది గంతే’ అన్న జవాబు వస్తుంది. ఇంకాస్త గట్టిగా అడిగితే ‘మగవాళ్ళది బరువు పని’ అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

పట్నంలో ఆఫీసుల్లో జీతాల తేడా గుట్టుగా ఉండి బతుకుతుంది. పక్క సీట్లో ఉన్నాయనకు ఎంతొస్తుందో ఆమెకు తెలియదు. అడిగితే మర్యాద కాదనుకుంటుంది. ఆర్మూర్‌లో తేడా నలుగురి ఎదుటే ఉంటుంది, అయినా బతుకుతుంది. కారణం, దాని కింద ఎవరి సంతకమూ లేదు. ఎవరు పెట్టారో తెలియని రేటు మీద ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? ఏ అధికారి ముందు ఏ కాగితం పరచాలి? మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఎంతెంత ఇస్తున్నారో యజమానులు బయటపెట్టి తీరాలన్న చట్టాలు చాలా దేశాల్లో వస్తున్నాయి. ఆ ఊసు ఎత్తగానే మన దగ్గర ‘అది పెద్ద కంపెనీల సంగతి’ అని తేల్చేస్తారు. ఆ నియమం అందరికంటే ముందు కావలసింది పసుపు కళ్ళాలకూ, విత్తనాల గోదాములకూ, బీడీ కార్ఖానాలకూ అని నా గట్టి నమ్మకం.

విరిచే చెయ్యి

బరువు పని అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే పసుపు తవ్వే రోజుల్లో ఒక చేను గట్టు మీద కాసేపు నిలబడాలి.

జూన్‌లో పెట్టిన పసుపు ఏడు నుంచి తొమ్మిది నెలలకు చేతికొస్తుంది. ఆకు ఎండాక కోసేస్తారు. ట్రాక్టరుతోనో, ఇంకా కొన్నిచోట్ల గడ్డపారలతోనో దుంపను పైకి లేపుతారు. అది మగవాళ్ళ పని. ట్రాక్టరు వెళ్ళిపోయాక చేలో దిగేది ఆడవాళ్ళ గుంపు. సాలుకు ఒకరు చొప్పున గొంతుక్కూర్చుని ముందుకు జరుగుతూ పోతారు. గుత్తిగా వచ్చిన దుంపను పట్టి రెండుసార్లు విదిలిస్తే మట్టి రాలుతుంది. వేళ్ళలా చుట్టూ ఉన్న కాడిని విరిచి ఒక కుప్పలోకి, నడుమ ఉన్న గోళను ఇంకో కుప్పలోకి వేస్తారు. చూడటానికి సులువుగానే ఉంటుంది. కాడి మధ్యలో తునిగితే అది ముక్క అవుతుంది, ముక్కకు ధర రాదు. గోళకు కాడి అంటుకునే ఉండిపోతే ఉడకడంలో తేడా వస్తుంది. లావు గోళ ఉడికేలోపు సన్న కాడి మెత్తబడిపోతుంది, కాడికి సరిపడా ఉడికిస్తే గోళ లోపల పచ్చిగా మిగులుతుంది. అందుకే రెండింటినీ విడివిడిగా ఉడకబెడతారు. ఆ వేరు చేయడం ఎంత శుభ్రంగా జరిగితే గంజ్‌లో కుప్ప అంత కళగా కనిపిస్తుంది.

బాయిలరు దగ్గర మగవాళ్ళుంటారు. వేడి, ఆవిరి, బరువు ఎత్తడం. కష్టమైన పనే, కాదనేవాళ్ళెవరూ లేరు. ఉడికిన పసుపు కళ్ళంలోకి వచ్చాక పది, పదిహేను రోజులు మళ్ళీ ఆడవాళ్ళ చేతిలోనే ఉంటుంది. పొద్దున పరచాలి, మధ్యాహ్నం తిరగేయాలి, మబ్బు పడితే పరుగెత్తి కుప్ప చేసి కప్పాలి. ఒక్క రాత్రి తడిస్తే రంగు పోతుంది. పచ్చి పసుపు ఐదు క్వింటాళ్ళు ఎండితే చేతికొచ్చేది సుమారు ఒక క్వింటాలు. సరిగా ఎండిన కాడిని విరిస్తే టక్కుమని మోగుతుంది. ఆ చప్పుడు విని ఇంకొక ఎండ కావాలో వద్దో చెప్పేవాళ్ళు ఆ గుంపులో ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ మాట మీదే రైతు పసుపును పాలిష్ డ్రమ్ముకు పంపిస్తాడు. అయినా వాళ్ళకు ముట్టేది మామూలు ఆడకూలే.

పార్లమెంటు 2019లో చేసిన వేతనాల కోడ్ ఒక పనీ ఇంకో పనీ ఒకలాంటివేనా అని చూడటానికి నాలుగు కొలతలు చెప్పింది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. మన ఊళ్ళలో అమలయ్యేది ఒకే కొలత, బస్తా ఎత్తగలరా లేదా. పది నిమిషాలు బస్తా మోయడానికి బలం కావాలి. పొద్దంతా నడుం వంచి సాలు వెంట జరగడానికి కూడా బలమే కావాలి. మొదటిదాన్ని లెక్కలో వేసి రెండోదాన్ని వదిలేసింది ఎవరు, ఎప్పుడు అని అడిగే హక్కు ఆ ఆడవాళ్ళకు ఉంది.

కూలి ఇచ్చేది కూడా ఆమే

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి రాస్తే ఆర్మూర్ గురించి రాసినట్టు కాదు. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు ఎందరో. వాళ్ళ ఇళ్ళలో వ్యవసాయం నడిపేది ఆడవాళ్ళు. ట్రాక్టరుకు మాట్లాడటం, బాయిలరుకు వరుస పెట్టించుకోవడం, గుంపును పిలవడం, సాయంత్రం కూలి పంచడం అంతా ఆమే. ఆమె కూడా ఆడవాళ్ళకు ఆడకూలే ఇస్తుంది. ఊళ్ళో నడుస్తున్న రేటు అది. తను ఒక్కతే ఎక్కువ ఇస్తే పక్క చేను వాళ్ళు ఊరుకోరు. తక్కువ ఇస్తే గుంపు రాదు.

ఆమెను దోషిగా నిలబెట్టడం అన్యాయం. పసుపు రైతు బతుకు ఎంత ఒడిదొడుకుల్లో ఉంటుందో 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా చూసింది. నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేస్తే వాళ్ళలో 178 మంది రైతులు. అన్ని పేర్లు పట్టడానికి ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని వాళ్ళ పట్టు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డును కేంద్రం నోటిఫై చేసింది. 2025 సంక్రాంతి నాడు, జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. పసుపు ఎగుమతులను 2030 నాటికి వంద కోట్ల డాలర్లకు చేర్చాలన్నది ప్రభుత్వం చెబుతున్న లక్ష్యం.

రైతులు అప్పుడు అడిగింది చాలా న్యాయమైన మాట. మా ఖర్చు లెక్కగట్టండి, దానికి తగిన ధర ఇవ్వండి అన్నారు. పసుపు సాగు ఖర్చులో కూలిది పెద్ద వాటా, ఆ కూలిలో ఆడవాళ్ళ పనిదినాలే ఎక్కువ. ఆ దినాలన్నీ తక్కువ రేటుకు లెక్కలోకి వెళితే పంట ఖర్చే తక్కువగా తేలుతుంది. రైతు తన ధర కోసం చూపించే కాగితం అక్కడే బలహీనపడుతుంది. మగవాళ్ళ రేటుతో సమానంగా రాసిన కూలి లెక్క ఉంటే గిట్టుబాటు ధర కోసం అడిగే రైతు చేతికి అదే ఆధారమవుతుంది. ఆడకూలి పెరిగితే రైతు మునుగుతాడని భయపెట్టేవాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు. 2024లో పసుపు క్వింటాలు పదిహేను వేలు దాటిన రోజులు వచ్చాయి. ఆ సంతోషంలో ఏరిన చేతుల వాటా ఎంతని చూసుకోవడానికి మన దగ్గర పాత రాతే లేదు.

ఒకప్పుడు ఒక ఫారం ఉండేది

మన దేశం ఈ విషయంలో వెనక బయల్దేరిందనుకుంటే పొరపాటు. రాజ్యాంగం 39వ అధికరణం ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన పనికి సమాన వేతనం రాజ్య విధానంగా ఉండాలంది. అదే సూత్రం మీద 1951లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించిన 1975లో ఆర్డినెన్సుగా మొదలై, 1976లో సమాన వేతన చట్టం వచ్చింది.

ఆ చట్టం కింద ప్రతి యజమానీ ఒక రిజిస్టరు పెట్టాలి. దాని పేరు ఫారం డి. అందులోని గడులు చూడండి: ఏ రకం పనివాళ్ళు, వాళ్ళు చేసే పని ఏమిటో క్లుప్తంగా, మగవాళ్ళు ఎందరు, ఆడవాళ్ళు ఎందరు, ఇచ్చే వేతనం రేటు ఎంత. ఈ రోజు యూరప్‌లో యజమానులను అడుగుతున్నవి ఇలాంటి ప్రశ్నలే. యాభై ఏళ్ళ కిందటే మన దగ్గర ఆ గడులు గీసి ఉన్నాయి. ఆ రిజిస్టరు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించడానికే. పనిచేసే మనిషి కంటపడేలా దాన్ని గోడకు పెట్టమని ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు రాని చోట అది ఖాళీ పుస్తకమే. 2017లో కేంద్రం తొమ్మిది కార్మిక చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లను ఐదుకు కుదించింది. ఇప్పుడు ఉద్యోగుల జాబితాలో ఆడా మగా అన్న గడి ఒకచోట ఉంటుంది, వేతనం ఇంకో పుస్తకంలో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపే కాగితం లేదు.

సమాన వేతన చట్టంతో పాటు మరో మూడు చట్టాలను కలుపుకున్న వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 50వ సెక్షన్ ఆర్మూర్‌లో ప్రతి కార్ఖానా గోడ మీదా ఉండాల్సినది. ఏయే రకం పనివాళ్ళకు ఎంత వేతనమో, ఎప్పుడు ఇస్తారో, ఆ ప్రాంతపు అధికారి ఎవరో అందరికీ కనిపించే చోట నోటీసు బోర్డు మీద పెట్టాలని, ప్రతి ఒక్కరికీ వేతన చీటీ ఇవ్వాలని అందులో ఉంది. వ్యవసాయానికి గానీ ఇంటిపనికి గానీ ఐదుగురికి మించకుండా పెట్టుకున్న వాళ్ళకు దాన్నుంచి మినహాయింపు ఉంది. అంటే అంతమందిలోపే పెట్టుకునే చిన్న రైతు మీద రిజిస్టర్ల భారం పడదు. అడిగినప్పుడు కూలి ఇచ్చినట్టు తగిన రుజువు చూపితే చాలు.

లోటు ఒకటే. రకం వారీగా రాయమంటుంది గానీ ఆ రకంలో ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు అని రాయమనదు. ‘ఏరుడు పని’ అని ఒక వరుస, ‘ఎత్తుడు పని’ అని ఒక వరుస రాసేసి చేతులు దులుపుకోవచ్చు. ఏరుడులో ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే, ఎత్తుడులో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే అన్నది ఆ బోర్డు మీద తేలదు. ఆ రెండు అంకెలు బోర్డు మీద చేరిస్తే కొత్త చట్టమే అక్కర్లేదు.

‘వాళ్ళే ఒప్పుకుని వచ్చిండ్రు గదా’ అన్న వాదన తరచూ వింటాం. దానికి సుప్రీంకోర్టు 1987లోనే జవాబిచ్చింది. మెకినన్ మెకెంజీ అనే షిప్పింగ్ కంపెనీలో స్టెనోగ్రాఫరుగా పనిచేసిన ఆడ్రీ డికోస్టా, అదే పని చేసే మగ స్టెనోలకంటే తనకు తక్కువ ఇచ్చారని కేసు వేసింది. యూనియన్‌తో ఒప్పందం చేసుకునే ఈ జీతాలు పెట్టామని కంపెనీ వాదించింది, అంత ఇచ్చుకునే స్తోమత తనకు లేదని కూడా చెప్పింది. రెండూ నిలవలేదు. ఒప్పందం ఉన్నంత మాత్రాన తేడా చట్టబద్ధమైపోదని, ఆర్థిక స్తోమత సాకు కాదని కోర్టు తేల్చింది. ఆమె ఎదుట మగ స్టెనోల జీతం అంకెల్లో ఉంది కాబట్టి పోల్చి చూపగలిగింది. పసుపు చేలో ఆ రెండో అంకె ఎవరి దగ్గర దొరుకుతుంది?

బీడీలో రాత ఉంది, పోలిక లేదు

ఇదే జిల్లాలో, చాలాసార్లు ఇదే ఇంట్లో, ఇంకో పని ఉంది. పసుపు పని లేని రోజుల్లో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం. కంపెనీ తునికాకు, తంబాకు, దారం ఇస్తుంది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. వెయ్యికి ఎంతన్నది పైసలతో సహా ప్రతి ఇంటికీ తెలుసు, కాగితం మీదా ఉంది. రాసి ఉంది కాబట్టే సంఘాలు దాన్ని పట్టుకుని కొట్లాడాయి. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి, పీఎఫ్, తెలంగాణ వచ్చాక 2015లో వెయ్యి రూపాయల జీవన భృతి, 2019లో దాన్ని 2,016కు పెంచడం… వీటన్నిటికీ వెనక బీడీ కార్మికురాలు ఎవరో, ఎన్ని వేలు చుట్టిందో చెప్పే రాత ఉంది. బీడీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు లేని ఆమె ఈ వరుసలో బయటే నిలబడాల్సి వచ్చింది.

అక్కడ కూడా ఒక గడి ఖాళీగానే ఉంది. చుట్టేవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. చుట్టి తెచ్చిన బీడీని చూసి పనికొస్తుంది, పనికిరాదు అని తేల్చే చాటన్, బట్టీ, ప్యాకింగ్ పనులు ఎక్కువగా మగవాళ్ళవి. ఆ పనులకు వేరే లెక్క, వేరే చీటీ. చాటన్ తీసేసిన బీడీల నష్టం చుట్టిన ఆమె నెత్తిన పడుతుంది. ఆడకీ మగకీ ఒకే రేటు అని కంపెనీ నిజాయతీగానే చెప్పగలదు. చుట్టే మగవాడే లేనప్పుడు ఆ మాటకు అర్థం ఏముంది? బ్రిటన్‌లో 250 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలు 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం సగటు తేడాతో పాటు ఇంకో లెక్క కూడా బయటపెట్టాలి. జీతాల వరుసను నాలుగు భాగాలు చేసి, పై భాగంలో ఆడవాళ్ళెందరు, అడుగు భాగంలో ఎందరు అని చూపించాలి. ఒక బీడీ కంపెనీ మొత్తాన్ని, ఇంట్లో చుట్టేవాళ్ళతో సహా, ఆ నాలుగు మెట్ల మీద నిలబెడితే చెప్పాల్సింది ఇంకేమీ ఉండదు.

మన ఊరి మధ్యలో చదివిన మస్టర్లు

వేతనం బయటపెడితే ఏం మారుతుందని అడిగేవాళ్ళకు దూరదేశాల ఉదాహరణలకంటే ముందు మన సంగతే చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత జిల్లాల్లో నిజామాబాద్ ఒకటి. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకే రేటు అన్నది ఆ పథకంలో నియమం. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. సామాజిక తనిఖీ పేరుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లను, అంటే హాజరు, కూలి పట్టీలను, ఊరి మధ్యకు తెచ్చి చదివారు. ఎవరు ఎన్నాళ్ళు పనిచేశారు, ఎంత ఇచ్చారు అన్నది గ్రామసభలో పేరుపేరునా వినిపించారు. పని చేయని పేర్లు బయటపడ్డాయి, అందని డబ్బు బయటపడింది. ‘నా పేరు మీద ఇన్ని దినాలా? నాకు ముట్టలేదు’ అని లేచి నిలబడి చెప్పే ధైర్యం ఆడవాళ్ళకు వచ్చింది. మన రాష్ట్రంలో ఆ పనుల్లో సగానికి పైగా దినాలు ఆడవాళ్ళవే. తన పేరు పక్కన మగవాడి పేరు, రెండింటి ఎదురుగా ఒకే రేటు చాలామంది మొదటిసారి చూసింది ఆ మస్టర్లలోనే.

క్రికెట్ అభిమానులకు ఇంకో ఉదాహరణ. భారత మహిళా క్రికెటర్లకు మగవాళ్ళతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని 2022 అక్టోబరులో బీసీసీఐ ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. అంతకుముందు రెండు జట్ల ఫీజులూ అందరికీ తెలుసు కాబట్టే పోల్చి అడగడం వీలైంది. బాక్సర్ నిఖత్ జరీన్ పుట్టిన నిజామాబాద్‌లో ఆడపిల్లల పట్టుదల గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పట్టుదలకు తోడు చేతిలో అంకె ఉండాలి.

ఆ అంకె ఆలస్యంగా తెలిస్తే ఏమవుతుందో అమెరికాలో లిలీ లెడ్‌బెటర్ కథ చెబుతుంది. అలబామాలోని ఒక టైర్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సూపర్‌వైజరుగా పనిచేసిన ఆమెకు, సాటి మగ సూపర్‌వైజర్ల జీతాలు పేరు లేని ఒక చీటీ ద్వారా తెలిశాయి. కేసు వేస్తే 2007లో అక్కడి సుప్రీంకోర్టు గడువు దాటిపోయిందని తిప్పి పంపింది. 2009లో ఆమె పేరుతోనే చట్టం మార్చారు గానీ ఆమెకు పోయిన డబ్బు రాలేదు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన ఆదేశం ఇలాంటివాళ్ళను దృష్టిలో పెట్టుకున్నదే. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 జూన్ 7 దాకా గడువిచ్చారు. ఉద్యోగంలో చేరకముందే జీతం ఎంత పరిధిలో ఉంటుందో చెప్పాలి, ఒకేలాంటి పనిచేసేవాళ్ళ మధ్య సమర్థించుకోలేని తేడా 5 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండి, దాన్ని సరిదిద్దకపోతే ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చుని సమీక్షించాలి.

మన దగ్గర సెబీ నియమాల ప్రకారం స్టాక్ మార్కెట్లో పెద్ద వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఆడా మగా ఉద్యోగుల మధ్యస్థ జీతాలు తమ నివేదికల్లో చూపుతున్నాయి. మంచి అడుగు. ఆర్మూర్ ఆడవాళ్ళు పనిచేసే చోట్లలో ఎక్కువ భాగం ఆ వెయ్యి కంపెనీల జాబితాలోకి రావు.

డెన్మార్క్ అనుభవం ఒకటి మనం ముందే తెలుసుకోవాలి. అక్కడ 2006లో ఇలాంటి చట్టం వచ్చాక తేడా తగ్గింది గానీ, అది ఎక్కువగా మగవాళ్ళ జీతాల పెరుగుదల మందగించడం వల్ల తగ్గిందని పరిశోధకులు చూపించారు. మగకూలీలు బతుకు ఈడ్చుకొస్తున్న మన ఊళ్ళో ఇది కలవరపెట్టే మాట. ఇంటాయన కూలి తగ్గి ఇల్లాలి కూలితో సమానమైతే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. వేతనాల కోడ్ 3వ సెక్షన్ ఈ భయాన్ని ముందే పట్టించుకుంది. సమానం చేయడానికి ఎవరి వేతనాన్నీ తగ్గించకూడదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని హమాలీ సంఘాలకూ, ట్రాక్టరు పనివాళ్ళకూ ముందుగా తెలియజెప్పాలి. లేకపోతే వాళ్ళు ఈ మాటకు ఎదురు నిలుస్తారు, అందులో వాళ్ళ తప్పూ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

చేను గట్టు దగ్గర మొదలుపెట్టకూడదు. ఐదెకరాల రైతును ఇన్‌స్పెక్టరుకు అప్పగించే పని ఎవరూ చేయొద్దు. మొదట ప్రభుత్వం చెయ్యి నేరుగా ఉన్న చోట్లు చూడాలి. మార్కెట్ యార్డు, కోల్డ్ స్టోరేజీలు, పసుపు పాలిష్, పొడి పట్టే యూనిట్లు. ఆ తర్వాత ఆర్మూర్ చుట్టూ ఎర్రజొన్న, మక్క విత్తనాలు శుభ్రం చేసి ఉత్తరాదికి పంపే గోదాములు. చెడు గింజ ఏరే పనిలో ఆడవాళ్ళు, బస్తాలు కుట్టి ఎత్తే పనిలో మగవాళ్ళు. లైసెన్సులిచ్చేది, రుణాలకు సిఫారసు చేసేది, రాయితీలిచ్చేది ప్రభుత్వమే. వాటికి ఒక షరతు చేర్చడానికి పెద్ద ఖర్చు లేదు. ఎన్ని పనులు, ఒక్కో పనిలో ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, ఎవరికి ఎంత, ఎన్ని గంటలకు. ఇది బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పసుపు బోర్డు తన పథకాల కింద సాయం పొందే ప్రతి యూనిట్‌నూ ఈ కాగితం అడగాలి. నిజామాబాద్‌లో కూర్చున్న ఆ బోర్డు దిగుబడి, ఎగుమతి, కర్కుమిన్ శాతం గురించి మాట్లాడుతుంది. ఏరిన చేతుల కూలి గురించి కూడా ఏటా ఒక పేజీ ప్రచురిస్తే దాని పరువు పెరుగుతుంది.

గంటలు ఎందుకంటున్నానంటే, ఆడకూలి తక్కువ కావడానికి చెప్పే ఇంకో కారణం వాళ్ళు పొద్దెక్కి వస్తారన్నది. పొద్దున వంట, పిల్లల బడి, గొడ్లు చూసుకుని వచ్చేసరికి ఆలస్యమైతే అది గంటల లెక్క. దాన్ని గంటల్లోనే తీసేయాలి. దినం మొత్తం మీద ఒకేసారి కోసేయడం, ఆ కోతను ఆరు గంటలు చేసినా ఎనిమిది గంటలు చేసినా అలాగే ఉంచడం న్యాయం కాదు. గంటలు రాస్తేనే ఆ వాదనలో పస ఎంతో తేలుతుంది.

చేలల్లో రాసే పని మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపి, లారీల లెక్క, గన్నీ సంచుల లెక్క, తేమ శాతం తేడా లేకుండా రాసినవాళ్ళు వాళ్ళు. గ్రామ సమాఖ్య మీటింగులో పొదుపు, అప్పు, వడ్డీ మినిట్స్ పుస్తకంలో రాసే చేతికి ఇంకో పేజీ బరువు కాదు. ఫలానా ఊరు, ఫలానా నెల, పసుపు ఏరుడుకు ఆడకూలి ఇంత, తవ్వుడుకు మగకూలి ఇంత, మహారాష్ట్ర నుంచి వచ్చిన గుంపుకు గుత్త ఎకరానికి ఇంత. పేర్లు అక్కర్లేదు. రైతు పేరు అసలే వద్దు. ఊరి రేటు చాలు. మండల సమాఖ్యలో అన్ని ఊళ్ళ పేజీలూ ఒకచోట చేరితే, ఏ ఊళ్ళో తేడా ఎక్కువ, ఎక్కడ తక్కువ, ఎక్కడ పోయిన ఏటికంటే తగ్గింది అన్నది ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది. దాని నకలు ఒకటి కార్మిక శాఖ అధికారికి, ఒకటి పసుపు బోర్డుకు, ఒకటి మార్కెట్ కమిటీకి పంపాలి. ఏది సమానమైన పని, ఏది కాదు అన్న తగువు వస్తే తీర్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని నియమించాలని వేతనాల కోడ్ 4వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి ఎవరో ప్రతి గ్రామ పంచాయతీకీ రాతపూర్వకంగా తెలియజేయడం తెలంగాణ ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని. వచ్చే జనవరిలో పసుపు ఆకు కోత మొదలయ్యేలోపే అది జరిగితే, మొదటి అర్జీ ఆర్మూర్ నుంచే వెళ్ళవచ్చు.